చిన్న వయస్సులో తల్లులైన మన బిడ్డలు – వారి బ్రతుకుదెరువు

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవల వేట ఆపివేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలము గనుక ప్రభుత్వము పెట్టిన నిషేధమిది. మైపాడు మొదలు తూపిలిపాళెం వరకు పడవలు ఒడ్డున ఉంటాయి, మగవారు ఇంటిపట్టున ఉంటారు. చెన్నై కాసిమేడుకు పనికి పోయినవారును తిరిగి వస్తారు. బడులకు సెలవులు. పదవ తరగతి ఫలితములు వచ్చేది ఈ దినములలోనే, పెండ్లిండ్లు జరిగేదీ ఈ దినములలోనే.

కాబట్టి వేసవిలో మా ఇంటి తలుపు తట్టేవారు ఎక్కువ. “అయ్యగారూ, సంబంధం కుదిరింది, మీరొచ్చి ప్రార్థన చేయాల” అంటారు. కాపరులమైన మేము మొదట అడిగేది ఒకటే, అమ్మాయికి ఎన్నేళ్ళు అని. “పెద్దదేనయ్యా” అన్న జవాబు వస్తుంది గాని సంవత్సరము చెప్పరు. బడి సర్టిఫికెట్టు తెమ్మంటే ముఖము మాడ్చుకొని వేరొక కాపరి దగ్గరకు పోయినవారును ఉన్నారు.

ప్రియ చదువరులారా, బాల్య వివాహము తప్పు అని చెప్పు వ్యాసములు మీరు చాలా చదివియున్నారు. మేము ఈ నెలలో మాట్లాడదలచినది ఆ పెండ్లి దినమును గూర్చి కాదు. పదహారేండ్లకు పెండ్లియై, పదిహేడేండ్లకు తల్లియైన ఆ బిడ్డ ఇరువది అయిదవ యేట కూలికో ఉద్యోగానికో బయలుదేరినప్పుడు ఆమెకు ఏ తలుపు తెరవబడుచున్నది, ఏ తలుపు మూయబడుచున్నది అనునదే మా విచారము.

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏండ్ల అమ్మాయిలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులైనవారు లేక గర్భవతులు. దేశము మొత్తము మీద ఈ లెక్క 6.8 మాత్రమే. మన రాష్ట్రములో 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి 18 నిండకమునుపే పెండ్లి జరిగినది. అంతకు ముందటి 2015–16 సర్వేతో పోల్చితే చిన్ననాటి పెండ్లిండ్లు కొంత తగ్గినవి గాని, చిన్ననాటి కాన్పులు 11.8 నుండి 12.6కు పెరిగినవి. బియ్యము, రొయ్యలు, రోడ్లు అన్నిటిలో ముందున్నామని చెప్పుకొను రాష్ట్రము ఈ ఒక్క విషయములో దేశమంతటి సగటుకు దాదాపు రెండింతలున్నది.

ఇప్పుడు మన తీరమున ఆడవారికి దొరికే పనులను చూద్దాము. వరి నాట్లు, కలుపు, సరుగుడు తోటలలో కూలి, ఎండు చేపలు, గంప నెత్తిన పెట్టుకొని ఊరూర చేపలమ్ముట, ఇవి పాతవి. రొయ్యల చెరువులు వచ్చిన తరువాత, అనగా 1980ల చివర నుండి, హేచరీలలోను, రొయ్యల తలకాయలు తీసి ఒలిచే షెడ్లలోను పని దొరికినది. ఒలిచిన కిలోల లెక్కన కూలి. తెల్లవారు జామున వ్యాను వచ్చును, అందులో ఎక్కినవారికి పని. ఐసులో నాని నాని వ్రేళ్ళు పగిలిన చేతులతో ఆదివారము ప్రభువు బల్లకు వచ్చే తల్లులను మేము చూచుచున్నాము. ఆ పనిని మేము తక్కువ చేయుట లేదు, అనేక కుటుంబములు ఆ కూలితోనే గంజి త్రాగుచున్నవి. అయితే ఆ పనిలో సెలవు లేదు, సరుకు రాని దినమున కూలి లేదు, ముప్పై ఏండ్లకు నడుము పోతే అడిగే దిక్కు లేదు.

ఇక దక్షిణాన తడ వైపున మరొక లోకము లేచినది. 2022 ఏప్రిల్‌లో సూళ్ళూరుపేట, తడ మండలములు తిరుపతి జిల్లాలోనికి వెళ్ళినవి గాని మనవారికి అది నెల్లూరు సీమయే. మాంబట్టు దగ్గర ఆడిడాస్ బూట్లు కుట్టే అపాచీ కర్మాగారము, శ్రీసిటీలో 2015 నుండి సెల్‌ఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ కర్మాగారము వేలాది ఆడపిల్లలకు పని ఇచ్చినవి. యూనిఫారము వేసికొని కంపెనీ బస్సు కొరకు రోడ్డు మీద నిలిచియున్న అమ్మాయిలను ఆ ప్రాంతమున ఎవరైనను చూడవచ్చును. ఇటువంటి చోట్ల అడిగేది ముఖ్యముగా రెండు కాగితములు, వయస్సు 18 నిండినదను ఆధారము, చదువు సర్టిఫికెట్టు. పెండ్లి కొరకు తొమ్మిదిలో బడి మానిన అమ్మాయికి మొదటి కాగితము ఎట్లును వచ్చును. రెండవది రాదు.

మన ఊరిలోనే ఉండే ఉద్యోగమొకటి చెప్పెదము. అంగన్‌వాడీ టీచరు. 1975 నుండి నడచుచున్న పథకమిది. మన రాష్ట్రములో ఆ పోస్టుకు స్థానికురాలై, వివాహితయై, 21 నుండి 35 ఏండ్ల మధ్య ఉన్న స్త్రీ కావలెను. గమనించితిరా? పెండ్లియైన ఆమెనే అడుగుచున్నారు. బిడ్డలున్నారా అని పెదవి విరువరు. అయినను పదవ తరగతి పాసై ఉండవలెను. మేము ఎరిగిన ఒక గ్రామములో ఈ పోస్టు ఖాళీ పడినప్పుడు ఆ కాలనీలో వయస్సు సరిపోయిన తల్లులు పదిమందికి పైగా ఉన్నారు. అర్జీ పెట్టుకోగలిగినది ఒక్కతే. మిగిలినవారు అందరును ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆగిపోయినవారు.

కావున చంకలోని బిడ్డే ఉద్యోగమునకు అడ్డము వచ్చినది అనుకొనుట సరికాదని మా అభిప్రాయము. అడ్డము వచ్చినది సగములో ఆగిన చదువు. పండితులును ఇంచుమించుగా ఇదే తేల్చిరి. అమెరికాలో చిన్న వయస్సున తల్లులైనవారు తరువాత పేదలుగానే మిగిలిపోవుచున్నారని చాలాకాలము లెక్కలు చూపించెడివారు. 1992లో అర్లైన్ జెరోనిమస్, శాండర్స్ కోరెన్‌మన్ అను ఇద్దరు పరిశోధకులు ఒక యుక్తి చేసిరి. ఒకే తల్లి బిడ్డలైన అక్కచెల్లెండ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. ఒకతె పదునెనిమిదికో పందొమ్మిదికో తల్లియైనది, రెండవది ఆగి తల్లియైనది. అట్లు పోల్చినప్పుడు అంతకుమునుపు అనుకొనిన భేదములో చాలా భాగము కరగిపోయినది. ఏలయనగా ఆ ఇంటి లేమి ఇద్దరికిని ఒకటే. బిడ్డ పుట్టక మునుపే ఆ లేమి అక్కడ ఉన్నది.

ఇది విని చిన్న వయస్సున పెండ్లి చేసినను నష్టము లేదని ఎవరును అనుకొనవద్దు. అమెరికాలో బిడ్డతల్లికి మరల బడికి పోవు దారి ఉన్నది. మనకు పెండ్లితోనే పుస్తకముల సంచి అటక ఎక్కును. మన పొరుగున బంగ్లాదేశములో ఎరికా ఫీల్డ్, అటిలా ఆంబ్రస్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, పెండ్లి ఒక్క సంవత్సరము ఆలస్యమైన కొలది ఆడపిల్ల చదువు సుమారు 0.22 సంవత్సరము పెరిగెనని తేలినది. చిన్న అంకెయే. కాని తొమ్మిది దగ్గర ఆగిన పిల్లకును పది పాసైన పిల్లకును మధ్య ఉన్నది ఒక్క సంవత్సరమే.

మరొకటి ఉన్నది, ఇది మన తల్లిదండ్రులు వినవలసినది. ఢిల్లీ చుట్టుప్రక్కల గ్రామములలో రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికవేత్త కొన్ని ఊళ్ళను చీట్లు తీసినట్లు ఎంచి, ఆ ఊళ్ళకు మూడేండ్లపాటు ఉద్యోగములకు ఆడపిల్లలను ఎంపిక చేసేవారిని పంపించెను. మిగిలిన ఊళ్ళకు పంపలేదు. 2012లో ఆ ఫలితము వెల్లడించెను. పని కనబడిన ఊళ్ళలో 15–21 ఏండ్ల అమ్మాయిల పెండ్లిండ్లును కాన్పులును వెనుకకు జరిగినవి, చదువులు ముందుకు సాగినవి. ఎవరును ప్రసంగము చేయలేదు, శాపము పెట్టలేదు. అమ్మాయి చదివితే ఒక పని ఉన్నదని తండ్రికి కనబడినది, అంతే.

అందుకే తల్లిదండ్రులను గద్దించుట వలన ప్రయోజనము లేదని మేము గ్రహించియున్నాము. వారి భయము అబద్ధము కాదు. ఒక తల్లి మాతో అన్నది: “ఆడపిల్లను ఇంట్లో పెట్టుకోని నిద్ర పట్టదయ్యా. మేమిద్దరం చీకటితోనే చెరువు కాడికి పోతాం. తిరిగొచ్చే దాకా పిల్ల ఒక్కతే. రేపేదన్నా మాటొస్తే ఎవరు చేసుకుంటారు?” హైస్కూలు మూడు నాలుగు మైళ్ళ దూరముంటుంది. ఆటోలో పోవలెను. చేతిలో ఫోను. కట్నము ఏడాదికేడాది పెరుగుచున్నది, చిన్నపిల్లకైతే తక్కువలో పోవుననెడి ఆశ. ఈ నాలుగింటిని కాదని ఊరక వాక్యము చెప్పి వచ్చిన కాపరిని వారు గౌరవముగా సాగనంపుదురు. మరుసటి వారము పెండ్లి చేసెదరు.

అయితే కాపరులకును పెద్దలకును చట్టము తెలిసియుండుట అవసరము. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టము 60వ సెక్షను ప్రకారము దేశీయ క్రైస్తవుల వివాహమును ధ్రువీకరించుటకు వరునికి 21, వధువుకు 18 తక్కువ కాకూడదు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టము ప్రకారము అట్టి పెండ్లి జరిపించినవారికి రెండేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నది. పందిట్లో నిలిచి ప్రార్థన మాత్రమే చేసితిని, రిజిస్టరులో వ్రాయలేదు అను మాట నిలువదు. రిజిస్టరులో వ్రాయని పెండ్లి వలన ఇంకొక కీడు కూడ ఉన్నది. భర్త సముద్రములో పోయినప్పుడు నష్టపరిహారము కొరకు ఆఫీసుల చుట్టు తిరుగు విధవరాలి చేతిలో తాను భార్యనని చూపు కాగితముండదు. అట్టి దినమున ఆమెకు మిగిలేది తన రెండు చేతుల పని మాత్రమే. పద్దెనిమిది, పందొమ్మిదేండ్లకు చంకలో బిడ్డతో ఆ స్థితికి వచ్చినవారు మన తీరమున లేకపోలేదు. చదువు గురించి మేము ఇంత పట్టుబట్టుటకు ఇది ఒక కారణము.

కొందరు పెద్దలు నవ్వుచు అడుగుదురు: “అయ్యగారూ, మరియమ్మ ఎన్నేళ్ళకు తల్లి అయింది?” ఆమె వయస్సు వాక్యములో వ్రాయబడలేదు. వ్రాయబడినదేమనగా, ఆమె గర్భవతియై కొండసీమకు వెళ్ళి, వయస్సు మళ్ళిన ఎలీసబెతు ఇంట ఇంచుమించు మూడు నెలలు ఉండెను. ఆ పెద్దావిడ తలుపు వేయలేదు, లెక్క అడుగలేదు, సంతోషముతో చేర్చుకొనెను. వయస్సును గూర్చి వాదించు మన సంఘములలో ఎలీసబెతు పని చేయువారు ఎందరున్నారో చూచుకొనవలెను.

ఈ మాట చెప్పుటకు కారణమున్నది. చిన్న తల్లికి మన సంఘములో చోటు లేదు. యౌవనస్థుల కూటమునకు పెండ్లియైనదని పిలువరు. స్త్రీల సమాజములో ఇంకా చిన్నపిల్ల అని ఆమె మాట వినరు. బిడ్డ ఏడ్చితే బయటకు తీసికొని పొమ్మని వెనుకనుండి సైగ చేయుదురు. పెండ్లి కాకుండ తల్లియైన బిడ్డ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆమెను బల్లనుండి నిలిపి, పాటల బృందమునుండి తీసివేసి, తల్లిదండ్రులను సంఘము ఎదుట నిలువబెట్టిన చోట్లు ఉన్నవి. ఆ బిడ్డకు తండ్రియైన అబ్బాయి మరుసటి ఆదివారము యథావిధిగా తబలా వాయించుచుండును. ఇట్టి క్రమశిక్షణ ఎవరిని క్రమములో పెట్టుచున్నదో మాకు బోధపడదు. ఇంటిలోనుండి బయటకు రానేరని ఆ అమ్మాయి మరల పుస్తకము పట్టుట ఎక్కడిది, పనికి పోవుట ఎక్కడిది?

మరల చదువుటకు దారి ఉన్నది. 1991లో మన రాష్ట్రములో ఓపెన్ స్కూలు సొసైటీ ఏర్పడినది. 14 ఏండ్లు నిండిన ఎవరైనను దానిలో పదవ తరగతికి చేరవచ్చును. వయస్సుకు పై హద్దు లేదు. బడిలో చదివిన సర్టిఫికెట్టు లేనివారు తమకు చదువను వ్రాయను వచ్చునని తామే వ్రాసి ఇవ్వవచ్చును. అయిదు సబ్జెక్టులు. అన్నియు ఒకేసారి పాసు కానక్కరలేదు, చేరిన నాటినుండి అయిదేండ్ల లోపు ఒక్కొక్కటిగా పూర్తి చేసికొనవచ్చును. నెలలు నిండినప్పుడు ఒక పరీక్ష వదలి, బిడ్డ నడక నేర్చిన తరువాత మరల వ్రాయవచ్చును. మా చుట్టుప్రక్కల తల్లులలో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదు. తెలిసినవారిని మధ్యవర్తులు పట్టుకొని, “మీరు రానక్కరలేదు, మేమే వ్రాయించెదము” అని వేలకు వేలు అడుగుదురు. వారి వలలో పడవద్దు. అట్లు వచ్చిన కాగితముతో కంపెనీ గేటు దాటినను, లోపల ఫారము నింపమన్నప్పుడు చేయి వణకును.

అయితే దారి ఉన్నంత మాత్రాన అమ్మాయి నడువలేదు. తాళపుచెవి అత్తగారి చేతిలో ఉన్నది. మాకు తెలిసిన ఒక ఇంట కోడలు పదిహేడేండ్లకు తల్లి. తొమ్మిది వరకు చదివినది, లెక్కలలో చురుకైనది. పుస్తకములు తెప్పించెదమని పాస్టరమ్మగారు వెళ్ళి అడిగినప్పుడు అత్తగారు ఒప్పుకొనలేదు. “నేను పదిహేనేళ్ళకే బిడ్డను కన్నా. నేను చదివిందెంత, నాకేం తక్కువైంది?” అన్నది. అమ్మగారు వాదించలేదు. ఆమె చేతులు పట్టుకొని, ఆ పగుళ్ళకు ఏమి రాయుచున్నావని అడిగిరి. అక్కడినుండి మాట ఎటెటో పోయినది, షెడ్డులో ఎన్ని గంటలు నిలువవలెను, మేస్త్రీ ఎంత పట్టుకొనును, నడుము నొప్పికి ఏ మాత్ర వేసికొనును. లేచి వచ్చునప్పుడు అత్తగారే అన్నది: “పుస్తకాలు తెప్పించండమ్మా. బిడ్డను నేను చూసుకుంటాలే.” ఆ కోడలు రెండేండ్లలో నాలుగు సబ్జెక్టులు, మూడవ యేట ఇంగ్లీషు దాటినది. ఇప్పుడు ఆమె బిడ్డ ఒకటవ తరగతి.

చదువుకొనుటకు తల్లులకు వయస్సు మించిపోయినదని నెల్లూరు జిల్లావారు అనకూడదు. 1990ల మొదట ఈ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమము నడచినప్పుడు రాత్రి బడిలో కూర్చున్నవారు ఎవరు? పగలంతా కూలి చేసి వచ్చిన తల్లులే. కలిగిరి మండలము దూబగుంటలో ఆ చదువు నుండియే సారా వ్యతిరేక పోరాటము లేచి, 1992లో జిల్లా అంతయు వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసినది. ఆ వెనువెంటనే రోజుకొక రూపాయి దాచుకొను పొదుపులక్ష్మి సంఘములు మన జిల్లాలోనే మొదలైనవి. ఆ సంఘములలోను పుస్తకములు వ్రాయు పని, దానికి వచ్చు కొద్దిపాటి జీతము, చదువు వచ్చిన ఆమెకే దక్కినది.

మన సంఘముల చరిత్ర చూచినను ఇంతే. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరు చేరిన తరువాత, 1865లో మైలియస్ దొరగారు సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టిన తరువాత, మిషనుల నీడన మన స్త్రీలు బైబిలు స్త్రీలుగా, పంతులమ్మలుగా, నర్సులుగా జీతము తీసికొని పని చేసిరి. కూలి గింజలు తప్ప ఎరుగని ఇండ్లలో నెలజీతము తెచ్చిన మొదటి ఆడవారు వారు. ఆనాడు సంఘము చేసిన పని అక్షరము నేర్పి పని చూపుట. ఈనాడు పెద్ద గుడులు కట్టుటలో మనకు ఆ జ్ఞాపకము కొంత మసకబారినది.

పని దొరికిన తరువాతి సంగతియు కొంచెము చెప్పవలెను. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని ఫాక్స్‌కాన్ కర్మాగారములో పెండ్లియైన స్త్రీలను పనికి తీసికొనుట లేదని వ్రాసినది. కంపెనీ ఆ మాటను కాదన్నది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వమును నివేదిక అడిగినది. అది ఎట్లున్నను, మెడలో తాళి చూచి వెనుకకు పంపుదురేమోనని తాళిని దాచుకొని పనికి పోయే బిడ్డలు ఉండకూడదు. పనిలో ఉన్న తల్లికి హక్కులున్నవి. 1961 ప్రసూతి ప్రయోజనముల చట్టమునకు 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డల కాన్పుకు జీతముతో సెలవు 26 వారములైనది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ 26 వారములు ఉన్నవి. 50 మంది లేక అంతకు మించి పనిచేయు చోట శిశు సంరక్షణ గది ఉండవలెను. కాన్పు సెలవులో ఉన్న ఆమెను పనినుండి తీసివేయుట చెల్లదు. రొయ్యల షెడ్డుకు మేస్త్రీ ద్వారా పోవువారికి ఇవన్నియు ఆకాశమందలి చుక్కలవలెనే ఉన్నవి గాని, కంపెనీలో పేరు నమోదైన బిడ్డలు తెలిసికొని అడుగవలెను.

బిడ్డలను ఎవరు చూచుకొందురు అనునదే చివరకు తేలని ప్రశ్న. అంగన్‌వాడీ మూడేండ్లు నిండిన పిల్లలను పగటిపూట కూర్చుండబెట్టును. అంతకంటె చిన్నబిడ్డకు అమ్మమ్మయో నాయనమ్మయో, వారును కూలికి పోతే ఎవరును లేరు. యొప్పేలో దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టెను, యొప్పేయు మనవలెనే సముద్రపు ఒడ్డు ఊరే. మన స్త్రీల సమాజములు ఏటేటా చీరలు పంచుచున్నవి, మంచిదే. వారములో రెండు సాయంకాలములు ఆరాధన మందిరము వెనుక చాప పరచి, నలుగురు పెద్ద తల్లులు పసిబిడ్డలను ఎత్తుకొంటే, లోపల ఆ బిడ్డల తల్లులు రెండు గంటలు చదువుకొనగలరు. దీనికి చందా అక్కరలేదు. ఫ్యాను, దీపము, మందిరములో ఉన్నవే. లెక్కలు చెప్పుటకు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యౌవనస్థులు ప్రతి ఊరిలో ఉన్నారు.

మా దగ్గర మంగళ, శుక్రవారములు సాయంకాలము ఆరు గంటలకు ఇది జరుగుచున్నది. ఈ సంవత్సరము ఓపెన్ స్కూలు పదవ తరగతికి పేర్లు ఇచ్చినవారు నలుగురు. వారిలో ఒకతె మా సంఘస్థురాలు కాదు, పల్లెపాళెము నుండి వచ్చుచున్నది. ఇద్దరికి పాలు త్రాగే బిడ్డలున్నారు. మొదటి వారము పిల్లల ఏడ్పుకు తల్లులు మాటిమాటికి లేచి వెళ్ళిరి. ఇప్పుడు పిల్లలు ఆ పెద్ద తల్లులకు అలవాటుపడినారు, చదువు సాగుచున్నది.